టాకీసు గోడ వెనక

10 అక్టోబర్ 1964, బెల్లంపల్లి

దసరా సెలవులు. ఇంటికి వచ్చి మూడు రోజులు. బాపుకు, అవ్వకు గ్రంథాలయానికని చెప్పి టాకీసుకు పోయాను. బి.ఏ. రెండో సంవత్సరం, పందొమ్మిదేళ్లు... ఇంకా అదే అబద్ధం. కాకపోతే ఈసారి ఒక సాకు ఉంది. శేషాచారి సారు కాలేజీ పత్రికకు వ్యాసం రాయమన్నాడు. సినిమా గురించి కాదు, సినిమా చూసేవాళ్ల గురించి. ఒక పాట టాకీసు దాటి ఎంత దూరం పోతుంది, ఎవరి నోట్లో ఎట్లా మారుతుంది — పోయి విని రా అన్నాడు. కరీంనగర్ హాస్టల్లో అంతమంది ఉండగా నన్నే అడగడం ఎందుకో. మీది బొగ్గుబావుల ఊరు కదా, నాలుగు భాషలవాళ్లు ఒక్క బెంచీ మీద కూర్చుంటారు కదా అన్నాడు.

నోటుబుక్కు చొక్కా లోపల పెట్టుకుని పోయాను. దొంగలాగే.

11 అక్టోబర్, ఆదివారం

గుడి. బాపు పాట ఎత్తుకున్నాడు, మేమందరం అందుకున్నాం. మా గుడిలో హార్మోనియం లేదు, బాపు గొంతే శ్రుతి. వారమంతా లాంప్ రూంలో మసి చేతులు — బొగ్గుబాయి దిగేవాళ్లకు దీపాలు ఇవ్వడం, ఎక్కి వచ్చినవాళ్ల దగ్గర తీసుకోవడం. ఆదివారం తెల్లకోటు. ఆ కోటు వేసుకుంటే బాపు నడకే మారిపోతుంది.

పాస్టరు అయ్యగారి ప్రసంగం మళ్లీ సినిమాల మీదే. టాకీసు మెట్లెక్కినవాడు ప్రభు బల్ల దగ్గరికి రావద్దు. నెల మొదటి ఆదివారం ఇచ్చే ఆ చిన్న రొట్టెముక్క కోసం మావాళ్లు నెలంతా నోరు అదుపులో పెట్టుకుంటారు. సంఘపెద్ద ఆరోన్ పెద్దయ్య ముందు బెంచీ నుంచి వెనక్కి తిరిగి ఒక్కొక్కరి మొహం చూస్తున్నాడు. నా మీద ఆయన చూపు ఆగనే లేదు. పాట ఎత్తే యాకోబు కొడుకుని కదా.

12 అక్టోబర్

మొయినుద్దీన్ చాచా. టాకీసు గేటు మనిషి. పదిహేనేళ్లుగా అక్కడే ఉన్నాడు, ఒక్క సినిమా కూడా మొదటి నుంచి చివరిదాకా చూడలేదట. ఏ పాట నడుస్తుందో ముందే ఎట్లా తెలుస్తుంది చాచా అని అడిగాను. ఇంటర్వెల్లో గోడ దగ్గర ఒంటికి నిలబడ్డవాళ్లు ఏ పాట కూనిరాగం తీస్తే అది నడుస్తుందట. "ఆడ ఎవ్వడు ఝూట్ పాడడు బేటా" అన్నాడు. నవ్వలేక చచ్చాను. మాట పొల్లుపోకుండా రాసుకున్నాను. సారు దీన్ని అచ్చుకు పంపిస్తాడో లేదో.

నేల క్లాసులో మొదటి షిఫ్టు దిగి తిన్నగా వచ్చినవాళ్లు. చెవుల వెనక ఇంకా బొగ్గు. పాట మొదలవగానే బీడీలు ఆర్పేస్తారు. పరదాకు అవతల ఆడవాళ్లు పాటకు ఏడుస్తారు, మాటలకు ఏడవరు. ఉత్తరాది నుంచి వచ్చిన కూలీలకు తెలుగు ముక్క రాదు, పాటలన్నీ వచ్చు. అర్థమేంటని అడిగితే నన్ను పిచ్చివాణ్ని చూసినట్టు చూశారు.

ఇదంతా నేను పుట్టిన ఊరే. ఎన్నడూ చూడలేదు.

13 అక్టోబర్

మా క్వార్టర్ల వెనక బతుకమ్మ ఆడుతున్నారు. ఒక కొత్త పాట. మాటలు గౌరమ్మవి, రాగం పోయినేడాది సినిమాది. అక్కడున్న ముసలామెను అడిగితే, సినిమా ఏంది, మా కోడలు కట్టింది అని కసురుకుంది. ఆమె అబద్ధం చెప్పడం లేదు. ఆమెకు అది కోడలి పాటే. ఇల్లు మారితే పాటకు పుట్టిల్లు గుర్తుండదు... ఈ వాక్యం బాగుంది. వ్యాసంలో పెట్టాలి.

16 అక్టోబర్

టాకీసు నుంచి పరుగున వచ్చి రాస్తున్నాను. భయంతో కాదు, సంతోషంతో.

మ్యాట్నీకి పాత సినిమా మళ్లీ వేశారు. బోర్డింగ్ స్కూల్లో ఉన్నప్పుడు గోడ దూకి చూసిన సినిమానే. అందులో జట్కావాడు పూలమ్మే పిల్లను ఏడిపిస్తూ పాడే పాట వచ్చింది. ఈలలు, చప్పట్లు, ముందు వరుసలో ఒకడు లేచి ఎగురుతున్నాడు. నేను మోకాలి మీద వేలితో తాళం వేస్తున్నాను. వేస్తూ వేస్తూ, ఎందుకో, నెమ్మది చేశాను. ఇంకా నెమ్మది చేశాను. నోట్లోకి వేరే మాటలు వచ్చాయి.

"బాయి చీకట్ల దీపమిచ్చినోడా — మట్టి చీకట్ల తోడు రావయ్యా..."

అదే. అచ్చంగా అదే. బాపు కట్టిన పాట. ఆరేళ్ల కింద పైకప్పు కూలి రాహేలు చిన్నమ్మ భర్త బాయిలోనే పోయినప్పుడు, సమాధి దగ్గర పాడడానికి బాపు ఒక్క రాత్రిలో కట్టిన పాట. అప్పటి నుంచి మా సంఘంలో ఎవరిని మట్టిలో పెట్టినా ఆ పాట పాడకుండా మూయరు. దాని రాగం జట్కావాడిది. ఎవరికీ తెలియదు. టాకీసుకు పోయేవాళ్లు మా సమాధులకు రారు, సమాధులకు వచ్చేవాళ్లు టాకీసుకు పోరు.

సారు అడిగిన దూరం ఇదే కదా. ఇంతకంటే దూరం ఏ పాట పోయి ఉంటుంది?

17 అక్టోబర్

బాపు ఎక్కడ విన్నాడు? పొద్దుటి నుంచి ఇదే ఆలోచన. అడగలేను. అడిగితే నువ్వెక్కడ విన్నావని అడుగుతాడు.

టాకీసు గోడ వెనక ఒక చాయ్ దుకాణం ఉంది. లోపలి పాట అక్కడికి శుభ్రంగా వినిపిస్తుంది. అక్కడే విని ఉంటాడు. ఇంకెక్కడ వింటాడు?

19 అక్టోబర్

వ్యాసం పూర్తి. పన్నెండు పేజీలు. చివరి పేరా కోసం మధ్యాహ్నమంతా తంటాలు పడ్డాను. "విని ఉంటాడు" అని రాస్తే చప్పగా ఉంది. కొట్టేశాను. ఇట్లా రాశాను — "నేను కళ్లారా చూశాను. సినిమా పాపమని పిల్లలకు చెప్పే ఒక కీర్తనకారుడు టాకీసు గోడ వెనక చాయ్ దుకాణంలో కళ్లు మూసుకుని కూర్చుని జట్కావాడి పాట వింటున్నాడు. మరునాడు అదే పాట సమాధి మీద వినిపించింది." కింద కీర్తన రెండు పాదాలు కూడా ఇచ్చాను.

చూడలేదు. కానీ జరిగే ఉంటుంది. పేరు రాయలేదు కదా.

5 నవంబర్, కరీంనగర్

శేషాచారి సారు క్లాసులో చదివి వినిపించాడు. చివరి పేరా దగ్గర ఆగి, కళ్లజోడు తీసి, నా వైపు చూశాడు. ఇది నువ్వు స్వయంగా చూసిందేనా అని అడిగాడు. అవును సార్ అన్నాను. వ్యాసానికి ప్రాణం అక్కడుంది, దాన్ని మాత్రం ముట్టుకోకు అన్నాడు.

క్లాసంతా నా వైపే. గాల్లో ఉన్నాను.

22 నవంబర్

పత్రిక వచ్చింది. నా పేరు అచ్చులో. ఎనిమిది సార్లు చూసుకున్నాను.

25 నవంబర్

ప్రభుదాసు రెండు ప్రతులు తీసుకుని ఇంటికి పోయాడు. ఆరోన్ పెద్దయ్య కొడుకు, నా పక్క గది. ఒకటి చాలదా అని అడిగితే, "మీ బాపు పాట పడ్డది గద, మా బాపుకొకటి, అయ్యగారికొకటి" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు.

పేరు రాయలేదు కదా, పేరు రాయలేదు కదా అని నెల రోజులుగా నాకు నేను చెప్పుకుంటున్నాను. పాట రాశాను. మా ఊళ్లో ఆ పాటకు ఇంకో పేరు ఉందా? నా బుద్ధి గడ్డి తిన్నది.

1 డిసెంబర్

ప్రభుదాసు తిరిగొచ్చాడు. నా మొహం చూడడం లేదు. గుచ్చి గుచ్చి అడిగితే చెప్పాడు. సంఘం కమిటీ కూర్చుందట. బాపును నిలబెట్టి అడిగారట, రాగం ఎక్కడ విన్నవు యాకోబూ అని. "ఇంట్ల విన్న" అన్నాడట. గోడ వెనక కూర్చున్న మాట నిజమా అంటే కాదన్నాడట. మరి ఇంట్ల ఎవరు పాడిండ్రు అంటే నోరు మెదపలేదట. అంతసేపూ నిలబడే ఉన్నాడట.

తీర్పు — సంఘం ముందు లేచి తప్పు ఒప్పుకునేదాకా పాట ఎత్తుకోవద్దు. బల్లకు దూరం. ఆ పాట ఇక ఎవరూ పాడవద్దు.

అన్నం సయించలేదు. సయించకపోతే ఏంటి. చేయాల్సింది చేశాను కదా.

5 డిసెంబర్, బెల్లంపల్లి

పెద్దపల్లి దాకా బస్సు, అక్కడి నుంచి ప్యాసింజరు. దారి పొడుగునా ఏం చెప్పాలో కూర్చుకున్నాను.

బాపు మంచం మీద కూర్చుని ఉన్నాడు. పక్కన పత్రిక. ఎవరిచ్చారో. కాళ్లు కడుక్కో, అన్నం తిను అన్నాడు. తిన్నాను. చేయి కడుక్కుని వచ్చాక నెమ్మదిగా అడిగాడు.

"చదివిన బిడ్డా. మంచిగ రాసినవ్. గోడ ఎనుక నేనెన్నడు కూసున్న?"

కోపం లేదు. నిజంగానే అడుగుతున్నాడు. ఎప్పుడైనా కూర్చుని మరిచిపోయానేమో అన్నట్టు. నేను నేల చూపులు చూస్తూ నిలబడ్డాను. ఆయన పత్రిక మడిచి దిండు కింద పెట్టుకున్నాడు.

6 డిసెంబర్, ఆదివారం

బల్ల ఆదివారం. బాపు తెల్లకోటు వేసుకోలేదు. మామూలు చొక్కాతో చివరి బెంచీలో కూర్చున్నాడు. ఆరోన్ పెద్దయ్య పాట ఎత్తుకున్నాడు, ఎక్కడో పైకి, ఆడవాళ్లెవరూ అందుకోలేకపోయారు.

అంతకుముందు, లోపలికి పోతుంటే, గుడి మెట్ల మీద పెద్దయ్య నా భుజం తట్టాడు. నలుగురూ వినేటట్టు అన్నాడు — "సొంత బాపని సూడకుంట నిజం రాసిండు. గిసుంటి పిల్లగాడుండాలె." అయ్యగారు కూడా తల ఊపాడు. జనవరిలో కదా నీ నడవడి ఉత్తరం, మంచిగా రాసి పంపిస్తానన్నాడు. ఆ ఉత్తరం పోకపోతే మిషన్ వాళ్లు నన్ను చదివించరు. ఏటా రాసేదే. ఇంత ఇష్టంగా ఎప్పుడూ చెప్పలేదు.

లోపల రొట్టె కోసం అందరూ లేచారు. అవ్వ లేచింది. నేనూ లేచాను. లేవకపోతే ఎందుకు లేవలేదని అడుగుతారు కదా. బాపు పక్క నుంచి నడిచి పోయాను. మోకరించాను. తీసుకున్నాను. తిన్నాను.

టాకీసు మెట్లెక్కినవాణ్ని నేను. బల్ల దగ్గర నేను, బెంచీ మీద బాపు.

అదే రోజు, సాయంత్రం

రాయాలి. రాయకపోతే రేపటికి దీన్ని కూడా మరిచిపోయినట్టు నటిస్తాను.

అవ్వ రొట్టెలు చేస్తూ ఉంది. పొయ్యి దగ్గర కూర్చుని అడిగాను — బాపు ఇంట్లో విన్నానంటాడేమిటి, ఇంట్లో ఎవరు పాడారు అని. అవ్వ నా మొహం చూసింది. నాకు నిజంగా తెలియదని అర్థం కావడానికి ఆమెకు కొంచెం సేపు పట్టింది.

"నువ్వే గదరా" అంది.

బోర్డింగ్ నుంచి సెలవులకు వచ్చానట. పదమూడేళ్లు. బాయి దీపం అద్దం తుడుస్తూ రెండు రోజులుగా ఒకటే రాగం తీస్తున్నానట. బాపు ఆగి విన్నాడట. ఎవరు నేర్పిండ్రు బిడ్డా అని అడిగితే, బోర్డింగులో పాటల సారు నేర్పాడు, కొత్త కీర్తన, మాటలు ఇంకా చెప్పలేదు అన్నానట. బాపు నా ముందు కూర్చుని పదిసార్లు పాడించుకున్నాడట. "గంత మంచి రాగం మన పిలగాని నోట్ల నుంచి వచ్చిందని మీ బాపు ఎంత మురిసిండో" అంది అవ్వ. మరుసటి నెలలో రాహేలు చిన్నమ్మ భర్త పోయాడు. మాటలు లేని ఆ కీర్తనకు బాపు మాటలు కట్టాడు.

అవ్వ చెబుతుంటే అంతా గుర్తొచ్చింది. ఆ అద్దం, బాపు మోకాళ్లు, నా భయం. గోడ దూకినట్టు తెలిస్తే చంపేస్తాడనే భయం. అందుకే ఆ పాటల సారును పుట్టించాను. బోర్డింగులో పాటల సారే లేడు.

చేసిన తప్పు నాది. చెప్పిన అబద్ధం నాది. అది మరిచిపోయి, అదే పాట పట్టుకుని బాపును బజారుకీడ్చిందీ నేనే. ఈ మొహం ఎక్కడ పెట్టుకోవాలి. పేజీ ముందు కూడా సిగ్గేస్తోంది.

బాపుకు అంతా తెలుసు. పాటల సారు సంగతి తప్ప. లేక అది కూడా ఇప్పుడు తెలిసిపోయిందా? కమిటీ ముందు ఒక్క మాట — నా కొడుకు పాడిండు — అంటే అయిపోయేది. అనలేదు.

9 డిసెంబర్, కరీంనగర్

శేషాచారి సారు దగ్గరికి పోయాను. సార్, ఆ చివరి పేరా... అన్నాను. హైదరాబాదు పత్రికకు పంపించానోయ్ అన్నాడు. చాలా సంతోషంగా ఉన్నాడు. థాంక్స్ సార్ అని వచ్చేశాను.

థాంక్స్ అట. ఛీ.

23 డిసెంబర్, బెల్లంపల్లి

పండుగ సెలవులు. గుడి దగ్గర రంగు కాగితాలు కడుతున్నారు. నన్ను నిచ్చెన పట్టుకోమన్నారు, పట్టుకున్నాను.

రాహేలు చిన్నమ్మ వచ్చి పక్కన నిలబడింది. ఇంటి దాకా రా బిడ్డా అంది. పోయాను. పీట వేసింది. చాయ్ పోసింది. తలుపు దగ్గరికి వేసి వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"గా పాట సినిమాల ఎట్లుంటదో ఒక్కసారి పాడు."

వద్దు చిన్నమ్మా అన్నాను. పాడు అంది. ఆమె గొంతులో కోపం లేదు, కానీ లేచి పోనిచ్చేటట్టూ లేదు. పాడాను. మెల్లగా పాడాను. గట్లనే ఉంటదా అని అడిగింది. ఇంకా జోరుగా ఉంటుందన్నాను. అట్లనే పాడు అంది. ఆమె ఇంట్లో, ఆమె భర్త ఫోటో కింద, జట్కావాడి పాట జోరుగా పాడాను. మధ్యలో వచ్చే ఈల కూడా వేయమంటే ఏం చేసేవాణ్నో. అడగలేదు.

ఆమె ఫోటో వైపు చూసింది. తర్వాత గ్లాసు తీసుకుంటూ అంది —

"ఇన్నొద్దులు గా పాట ఇంటె మీ చిన్నబాపు కండ్లల్ల మెదిలేటోడు. ఇగ జట్కావాడు మెదుల్తడు."

నన్ను తిట్టలేదు. ఉన్న మాట చెప్పింది. చెంప మీద కొట్టినా బాగుండేది.

సారు పోయి వినమన్న మనిషి ఈమె. పన్నెండు పేజీలు రాశాను, ఈమెను ఒక్క మాట అడిగానా?

25 డిసెంబర్

పండుగ. కొత్త చొక్కా. బాపు చివరి బెంచీలో. పాట రెండుసార్లు తెగింది. ఎవరూ వెనక్కి తిరిగి బాపు వైపు చూడలేదు. చూడకుండా ఉండడానికి అందరూ ఎంత కష్టపడుతున్నారో నాకు కనిపించింది.

28 డిసెంబర్

బొగ్గు బండ్లు లాగే హాలేజీలో పని చేసి దిగిపోయిన ముసలాయన, మా వరుసలో చివరి క్వార్టరు, పొద్దున పోయాడు. మధ్యాహ్నం సమాధి. పెట్టె దించారు. అయ్యగారు ప్రార్థన చేశాడు. ఆ తర్వాత మామూలుగా బాపు పాట.

ఎవరూ ఎత్తుకోలేదు. ఆరోన్ పెద్దయ్య పుస్తకం తిరగేస్తున్నాడు, పేజీ దొరకడం లేదు. ఆరేళ్లుగా పుస్తకం అవసరం పడలేదు కదా. ముసలాయన కూతురు మట్టి పిడికిట్లో పట్టుకుని పాట కోసం చూస్తూ నిలబడింది. పాట మొదలైతే కదా వేయాలి. ఎంతసేపని నిలబడుతుంది. చివరికి ఆమే వదిలేసింది. మట్టి పడిన చప్పుడు అందరం విన్నాం.

బాపు పెదవులు కదులుతున్నాయి. గొంతు రానివ్వడం లేదు. నేను పక్కనే ఉన్నాను, నాకు కూడా వినిపించలేదు.

29 డిసెంబర్

అయ్యగారింటికి పోయాను. ఇవాళ చెప్పేస్తాను అనుకునే పోయాను. అమ్మగారు కేకు పెట్టింది. అయ్యగారు నా ఉత్తరం అప్పటికే మొదలుపెట్టాడు, బల్ల మీద ఉంది. "సత్యవంతుడు" అనే మాట దూరం నుంచే కనిపించింది. ఏం పని మీద వచ్చినవు అని అడిగాడు. పండుగ వందనాలు చెప్పిపోదామని అన్నాను. ఆదివారం సంతకం చేసి ఇస్తానన్నాడు.

కేకు మొత్తం తిని వచ్చాను. అది కూడా రాసి పెట్టుకుంటున్నాను.

1 జనవరి 1965

బాపుతో చెప్పాను. చివరికి.

లాంప్ రూం నుంచి వచ్చి చేతులు కడుక్కుంటున్నాడు. నేను నీళ్లు పోస్తున్నాను. నీళ్లు పోస్తూనే చెప్పేశాను — పాటల సారు లేడు, గోడ దూకి సినిమా చూశాను, అక్కడి రాగమే, నీకు అబద్ధం చెప్పాను. గోడ వెనక చూశానన్నది కూడా అబద్ధమే. ఆదివారం గుడిలో లేచి అందరి ముందూ ఇదంతా చెబుతాను.

బాపు చేతులు చాపే ఉంచాడు. నీళ్లు అయిపోయాయి. "చెప్తె నీ ఉత్తరం?" అన్నాడు.

పోతే పోనీ అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు నా గొంతు నాకే నమ్మేటట్టు లేదు. బాపు కూడా విన్నాడనుకుంటాను. తువ్వాలు తీసుకుని తుడుచుకున్నాడు. ఒక్కో వేలూ తుడుచుకున్నాడు. సారు లేడన్న మాటకు మాత్రం మొహం చిన్నబోయింది. ఆ సారును ఆరేళ్లు ప్రార్థనలో తలుచుకున్నాడట. అవ్వ తర్వాత చెప్పింది.

2 జనవరి

రేపు చెబుతాను. చెబుతాను. పది సార్లు రాసినా చేతికి ధైర్యం రావడం లేదు.

3 జనవరి, ఆదివారం, పొద్దున

మొదటి గంట కొట్టారు. రెండో గంటకు ఇంకా సమయం ఉంది.

బాపు స్నానం చేసి వచ్చాడు. పెట్టె తెరిచి తెల్లకోటు తీశాడు. నెల రోజుల మడతలు. అవ్వ ఎందుకు అని అడగబోయి ఊరుకుంది. కోటు వేసుకుని, గుండీలు పెట్టుకుని, నన్ను పెరట్లోకి పిలిచాడు.

ఇవాళ తానే లేస్తాడట. గోడ వెనక కూర్చున్నానని, విన్నానని, తప్పేనని సంఘం ముందు ఒప్పుకుంటాడట. అట్లా అయితే రాసింది నిజమవుతుంది, అయ్యగారు సంతకం పెడతాడు, తనను మళ్లీ బల్లకు రానిస్తారు. అందరికీ మంచిదే అన్నాడు. లెక్క కుదిరినట్టే చెప్పాడు. బాపు ఇంతవరకు ఒక్క అబద్ధం ఆడగా నేను వినలేదు. మొదటిది గుడిలో ఆడబోతున్నాడు, తెల్లకోటు వేసుకుని.

వద్దు బాపూ అన్నాను. నేను చెబుతాను అన్నాను. అన్నానా? అన్నాననే అనుకుంటున్నాను.

ఆయన వినలేదు. ఇంకా దగ్గరికి వచ్చి, అవ్వకు వినబడకుండా అడిగాడు.

"ఆరోన్ పెద్దయ్య ఊకోడు, గుచ్చి అడుగుతడు. గా చాయ్ దుకాణం టాకీసుకు ఏ దిక్కుంటది?"

ముప్పై ఏళ్లుగా ఈ ఊళ్లో ఉన్నాడు. తెలియదు.

నేను చెప్పాను. పడమటి దిక్కు, సైకిళ్లు పెట్టే చోటు దాటాక అని చెప్పాను. బెంచీ ఎట్లా ఉంటుందని అడిగాడు. రాతిబండ అని చెప్పాను. దుకాణం మనిషి పేరు అడిగితే అది కూడా చెప్పాను. పడమట, సైకిళ్లు దాటినంక, రాతిబండ అని రెండుసార్లు తనలో తాను అనుకున్నాడు, కొత్త పాటకు మాటలు గుర్తుపెట్టుకునేటప్పుడు అనుకున్నట్టే.

రెండో గంట కొడుతున్నారు. బాపు, అవ్వ వాకిట్లో నిలబడి పిలుస్తున్నారు. నేనింకా చొక్కా కూడా తొడుక్కోలేదు.